నీలిదారం కట్టిన పొత్తిగుడ్డలు

పోయిన వారం తిరుపతిలో ఒక తగ్గింపు ధరల దుకాణంలో పసిబిడ్డల బట్టలు ఏరుతూ, ఒక చిన్న చొక్కా అంచును సీసాలోని నీళ్లతో తడిపి నా తెల్లరుమాలు మీద రుద్దాను. రంగు దిగలేదు. పక్కన నిలబడి చూస్తున్న అమ్మాయి నవ్వు దాచుకుంటూ, అది ముందే ఉతికిన గుడ్డ అనీ, ఆ మాట అట్టమీద రాసే ఉందనీ చెప్పింది. అట్టమీద రాసినంత మాత్రాన దేన్నీ నమ్మే అలవాటు నాకు లేదు. ఉద్యోగమున్నన్నాళ్లూ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పి, వాళ్లిచ్చే ప్రతి జవాబుకూ "ఎట్లా తెలుసు?" అని అడిగి విసిగించినదాన్ని.

ఆ బట్టలు మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురి కోసం. కూతురికి నెలలు నిండాయి. పొత్తిగుడ్డలకు పాత నూలుచీర ఏదైనా ఉంటే ఇవ్వమని ఆమె అడిగింది. పాతది ఎందుకు, కొత్తవే కొనిస్తానన్నాను. ఆమె కాదనలేదు. కాని గిన్నె తోముతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడాన్ని నేను అంతకుముందు ఒకసారి చూశాను.

ఇంటికి వచ్చి పొట్లం విప్పితే గంజివాసన వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి పోయి ఎందుకు వచ్చానో మరిచి తిరిగి వస్తున్నాను. జ్ఞాపకాలను వాసనలు లేపుతాయనే మాటను నేను పూర్తిగా నమ్మను. మనం ముందే తవ్వుకోదలచినదానికి వాసనను సాకుగా చెప్పుకుంటామేమో. ఏదైనా, రాస్తే తప్ప కుదురు దొరికేట్టు లేదు.

చిత్తూరులో మా ఇంటి ముందుగదిలో కుట్టుమిషను ఉండేది. అది మా అత్తది, అంటే నాయన చెల్లెలిది. మామ బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కాయల కాలంలో ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. వచ్చినప్పుడు అతని చొక్కా చేతులు గుజ్జు ఎండి అట్టలు కట్టి ఉండేవి, చుట్టూ ఈగలు ఉండేవి, సంచిలో మాకు మామిడి తాండ్ర ఉండేది. అత్తకు పిల్లలు లేరు. ఇద్దరు పుట్టారు. ఇద్దరూ పురుడు తీరకముందే పోయారు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు, కాని ఎవరూ దాచనూ లేదు.

ఆడి నెల, అంటే మా వైపు ఆషాఢం, వస్తే అత్త కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు. పండుగ గురించి కాదు. వీధుల్లో గంగమ్మకు అంబలి పోసే ఆ నెలలో, పెళ్లిళ్లు లేక అంగళ్లు వెలవెలబోయి, సరుకంతా తగ్గింపుకు పెట్టేవారు. బజారు చివర ఒక తుండుగుడ్డల అంగడిలో తానుల చివరి ముక్కలను నేలమీద గుట్టలు పోసి తూకానికి అమ్మేవారు. ఆడవాళ్లు ఆ గుట్టల చుట్టూ కూర్చుని మోచేతులదాకా చేతులు దూర్చి వెతికేవారు. చెమట, గంజి, మిల్లు ముద్రల సిరా, పక్కసందులోని అంబలికుండలో తరిగిన ఉల్లిపాయ, అన్నీ కలిసిన వాసన ఒకటి ఉండేది. (అంబలివాసన అంగడిలోకి నిజంగా వచ్చేదా అని మా అన్నను అడిగాను. రాదు, అది రెండు సందుల అవతల అన్నాడు. సరే, అది నేను కలుపుకున్నదే కావచ్చు.)

అత్త ముక్కను చెంపకు ఆనించి మెత్తదనం చూసేది. నాది వేరే పద్ధతి. నూలుపోగు కాల్చితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది, నైలాను కలిసిన మిల్లుపోగు అయితే కరిగి గట్టిపూస అవుతుంది అని మా బడిలో సైన్సు అయ్యవారు చూపించారు. ఆనాటినుంచి నేను అగ్గిపెట్టె లేకుండా ఆ అంగడికి పోలేదు. సెట్టి నన్ను చూడగానే గుట్టను తన కాళ్లవైపు జరుపుకునేవాడు.

"అక్కా, నీ కోడలు గుడ్డ కొనేదానికొచ్చిందా, నా అంగడి కాల్చేదానికొచ్చిందా?"

"నువ్వు అంతా నూలే అంటావు గదప్పా. నూలైతే నీకెందుకు బయం?" అనేది అత్త, నావైపు చూడకుండానే.

ఒకసారి అతను ఒట్టు పెట్టి ఇచ్చిన ముక్క పూస కట్టింది. ఆ పూసను అతని అరచేతిలో పెట్టాను. అతను దాన్ని అటూ ఇటూ దొర్లించి, ఇది పెద్దయినాక ఎవడికి పెండ్లామవుతుందో వాడి గతి ఏమిటో అన్నాడు. ఆ ముక్క తూకం లేకుండానే మా సంచిలో పడింది.

గుడ్డలతో పని అయ్యేది కాదు. సొట్ట పడిన సామాన్లు అమ్మే చోట ఉగ్గుగిన్నెలు. అంచు లోపలికి సొట్టపోయినవి వద్దు, పాలు నిలిచి పులుస్తాయి. బయటికి పోయినవైతే పరవాలేదు అనేది. మూలలు విరిగిన సబ్బులు. తలకు కట్టే నాడాలు. ఇవి కాక, అత్త కట్టే ప్రతి మూటకూ ఒక దువ్వెన. బిడ్డకు దువ్వెన ఎందుకని నేను అడిగితే అత్త నన్ను విచిత్రంగా చూసింది. "బిడ్డకు కాదు మే. నొప్పులొచ్చి ఉన్నపాటున ఆసుపత్రికొచ్చే ఆడది దువ్వెన తెచ్చుకుంటాదా? అయిదు దినాలు తల దువ్వుకోకుంటే మనిసి మనిసిగా ఉండదు." పళ్లు విరిగిన దువ్వెనలు గంపలో చవకగా ఉండేవి, వాటిలో పళ్లన్నీ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ఏరేది. ఎవరికి పోతాయో తెలియని మూటల కోసం అంతగా ఏరే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఈ మూటలు పెద్దాసుపత్రి కాన్పుల వార్డుకు. ఊళ్లనుంచి చేతులూపుకుంటూ వచ్చే ఆడవాళ్లకు. రెండో బిడ్డ పోయిన మరుసటి ఏడు మొదలుపెట్టిందట.

మొదటి ఏడు అత్తతో నేనూ పోయాను. గోడపక్క మంచం మీద ఒక బాలింత, కింద ఆమె అత్తగారు. ముసలామె మూట విప్పి గుడ్డ పట్టుకుని, ఆగింది. ఒక్క క్షణమే. తరువాత, ఇవి కొత్తవే, పసిబిడ్డకు కొత్తగుడ్డ ఎవరు చుడతారని అడిగింది. మా వైపు ఆచారం అది: బిడ్డకు మొదట తగిలేది పాతగుడ్డ కావాలి, అదీ పిల్లలు నిలిచిన ఇంటిది కావాలి. ఆ మాటమీదే ఆమె మళ్లీ అడిగింది.

"నీకెంతమంది పిల్లోల్లమ్మా?"

అత్త అబద్ధం ఆడలేదు. ముసలామె మూటను తిరిగి కట్టి, రెండు చేతులతో మర్యాదగానే అత్త ఒడిలో పెట్టింది. ఆ వరసలో మిగిలిన వాళ్లు కూడా తీసుకోలేదు. మూటలన్నీ మిషను కింద ఏడాది పడి ఉన్నాయి.

దీనికి ఉపాయం చెప్పింది మా అవ్వ, నాయన తల్లి. తట్టమ్మ, కోరింతదగ్గు, విరేచనాలు, అన్నీ దాటుకుని నిలిచినదాన్ని నేను, మొండిఘటం. గుడ్డలను కుంకుడు రసంలో ఉడకబెట్టి ఉతికి గంజి పోగొట్టి, వాటిమీద నేను అయిదు దినాలు పండుకుంటే చాలు, నా ఒళ్లు తగిలి పాతవవుతాయి అన్నది. వార్డులోకి మూటలు తీసుకుపోయేది కూడా నేనే. అత్త వాకిట్లో నిలబడాలి. ఇదంతా అత్త ఎదుటే చెప్పింది. అత్త మిషను తొక్కడం ఆపలేదు.

ఆ ఏడు నాకు పదకొండేళ్లు. బడినుంచి రాగానే, సందులో పిల్లలు గిల్లిదండా మొదలుపెట్టే వేళకు, నేను చాపమీద వెల్లకిలా పడుకోవాలి. కింద ఇరవై గుడ్డలు, పైన దుప్పటి. రేకులు కాలుతూ ఉండేవి. కుంకుడు నురగ సరిగా వదలని గుడ్డ వీపును గీరేది. బయట దెబ్బకు గిల్లి ఎగిరిన చప్పుడు వినిపించేది, అది ఎంతదూరం పోయిందో లెక్కపెట్టే గొంతు వినిపించేది, నా వంతు ఇంకొకరు ఆడుతున్న సంగతి వినిపించేది. అవ్వ గడపలో కూర్చుని వక్క కొరుకుతూ, "కదలగాకు మే, ఒళ్లు ఆనల్ల" అనేది. కదలకుండా ఉండటం నా వల్ల ఏనాడూ కాలేదు.

అప్పుడే బడిలో అయ్యవారు రెండు చట్లలో చిక్కుడు గింజలు నాటించారు. ఒకటి ఎండలో, ఒకటి చీకట్లో, తక్కినవన్నీ సమానం. ఒకే ఒక్క సంగతి మార్చి చూడాలి, అప్పుడే ఏది దేనివల్ల అయిందో తెలుస్తుంది అన్నారు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. అవ్వ మాట నిజమో కాదో తేల్చే మార్గం నా వీపు కిందే ఉంది.

పది మూటలు. మూటకు రెండు గుడ్డలు. అయిదు మూటల గుడ్డలమీద పడుకుంటాను. మిగతా అయిదింటివి రేకుపెట్టె వెనక దాచి, అయిదో దినం మళ్లీ కలిపేస్తాను. దాచినవాటికి గుర్తుగా మూలల్లో నీలిదారంతో చిన్నముడి వేశాను. నోటుపుస్తకం చివరిపుటలో రెండు వరసలు గీసి, పైన "పండుకున్నవి" అని, "పండుకోనివి" అని రాశాను. కింద బిడ్డలు ఎట్లా ఉన్నదీ రాయాలి. ఆ వరసల్లోకి రాబోయేది ఏమిటో ఆ వయసులో నాకు తట్టలేదు. తట్టలేదంటే నన్ను నేను క్షమించుకున్నట్టవుతుంది. ఆలోచించలేదు.

ఆడికృత్తిక పండుగ దాటిన వారం మూటలు మోసుకుపోయాను. అత్త వాకిట్లో ఆగిపోయింది. వార్డులో ఫినాయిలు వాసన, దానికింద పాలవాసన. పోయిన ఏటిలాగా ఎవరూ వద్దనలేదు. అవ్వకు తెలిసిన ఆసుపత్రి ఆయా నన్ను ముందు పెట్టుకుని, నిలిచిన బిడ్డ, దీని గుడ్డలే అని అందరికీ చెప్పుకుంటూ నడిచింది. కిటికీ పక్క మంచం మీద సత్యవేడు దగ్గరి పల్లెనుంచి వచ్చిన ఒక ఆమె ఉన్నది. వెంట ఎవరూ లేరు. మొగుడు పైరు విడిచి రాలేకపోయాడట. ఇంతకుముందు ఇద్దరు పోయారు, ఇది మూడో కాన్పు అని ఆయా నాకు వినబడేట్టే అన్నది. ఆమె మూట విప్పి గుడ్డను మొహానికి ఆనించుకుని అడిగింది.

"ఎవురి గుడ్డలు పాపా?"

"నావే."

"నువ్వు పండుకున్నవేనా?"

నేను ఆ మూట ఏ వరసలోదో చూడలేదు. చూసి చెప్పి ఉండవచ్చు. ఊ అన్నాను. ఆమె బిడ్డను ఆ గుడ్డలోకి మార్చి, నా తలమీద చెయ్యి పెట్టింది.

మూడు దినాలయ్యాక ఆయా మా ఇంటిమీదుగా పోతూ అవ్వతో చెప్పింది: కిటికీ పక్కామె బిడ్డ ఒళ్లంతా పచ్చబడింది, పాలు తాగడం లేదు, కండ్లు తెరవడం లేదు. అవ్వ వక్క కొరకడం ఆపి, ఆమెకు రాసిపెట్టి లేదేమో అన్నది. మిషను చప్పుడు ఆగిపోయింది.

నాకు ఆనాడు బడిలో ఒక్క అక్షరమూ కనబడలేదు. ఉడకబెట్టి ఉతికిన గుడ్డకు నా ఒళ్లు తగలకపోతే ఏమవుతుంది, ఏమీ కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్కంలో తప్పు లేదు, ఇవాళ కూడా అదే చెబుతాను. అయినా కాళ్లు నిలవలేదు. బడి వదలగానే చాపకిందినుంచి నిజంగా నా ఒళ్లు తగిలిన దుప్పటిని మడిచి సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. గుడ్డ మార్చి, ఇంటికి పోదామనుకున్నాను. వార్డులో ఆమె బిడ్డను ఎండపడే కిటికీలో పెట్టుకుని, తన నీడ పడకుండా పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. పొద్దున ఎండ చూపమని డాక్టరమ్మ చెప్పిందట. అది సాయంత్రం ఎండ; ఆమె దాన్ని కూడా వదలలేదు. నేను గుడ్డ మూలలు పట్టుకుని చూశాను. నాలుగు మూలల్లోనూ దారం లేదు. పక్కమంచం బిడ్డ గుడ్డకూ లేదు. ఆ వరసలో ఏ గుడ్డకూ లేదు.

అంటే పది ముడులూ వాటంతటవే విడిపోయాయా? అది నమ్మదగిన మాట కాదు. దుప్పటి సంచిలోనుంచి తియ్యకుండానే ఇంటికి వచ్చాను.

ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. మిషనుముందు కూర్చుని ఉంది గాని సూదిలో దారం లేదు. నేను అంతా చెప్పేశాను: పెట్టె వెనక దాచడం, రెండు వరసలు, ఆమె అడిగినప్పుడు ఊ అనడం. కొడుతుందనుకున్నాను. అత్త తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"ఆ దారాలు ఇప్పింది నేనే మే."

నేను సంచి కింద పెట్టాను.

"పెట్టె ఎనక ఊడస్తా ఉంటే గుడ్డలు కనబడినాయి. ఆటకు పొయ్యే తొందరలో దాసేసినావు అనుకున్నా. నీ సాప కింద పెడదామనే తీసినా." ఆగింది. "తీసి, నువ్వు బడికి పొయినాక వాటిమింద నేనే పండుకున్నా. దినమూ. మళ్లా నువ్వొచ్చే లోపల ఆడనే పెట్టేస్తా ఉంటి. ఆకర్న మూటలు కట్టేటప్పుడు దారాలిప్పి అన్నీ కలిపేసినా."

ఎందుకని అడిగాను.

"నా ఒళ్లు తగిల్తే బిడ్డలు నిలవరని అందరూ అంటారు గదా. నిజమో కాదో నాకూ సూడాలనిపించింది." తరువాత, మిషను చక్రాన్ని ఊరికే వెనక్కు తిప్పుతూ, "ఇప్పుడు ఆ బిడ్డకేమన్నా అయితే నేను యాడ పెట్టుకునేది ఈ మొగం?" అన్నది.

ఆ రెండు దినాలు మేమిద్దరం ఇంట్లో ఎట్లా తిరిగామో నాకు గుర్తుంది. కూర్చున్నచోట లేచి, లేచినచోట మరిచి. అత్త సంకటిలో ఉప్పు రెండుసార్లు వేసింది. అవ్వ తిట్టింది. నేను ఆట మానేశాను, ఎవరూ పడుకోమనకున్నా చాపమీద కదలకుండా పడుకున్నాను, అదివరకెన్నడూ లేనంత కదలకుండా. ఆ బిడ్డ పోతే అత్త మిషను మూతపడుతుందని నాకు తెలుసు. మిషను ఒక్కటే కాదు.

మూడోనాడు పొద్దున అత్త చీర మార్చుకుని, పద అన్నది. వాకిట్లో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కిటికీ పక్క మంచం దాకా నడిచింది. బిడ్డ ఆ కిటికీలోనే ఉంది, మా గుడ్డలోనే ఉంది. మొహం పచ్చదనం తగ్గి, పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. రాత్రినుంచి పాలు తాగుతోందట. నేను మాటలు వెతుక్కుంటూ, వీటిని కుట్టింది మా అత్తే అన్నాను. ఆమె ముఖం విప్పారింది.

"నువ్వేనాక్కా? రోంత ఎత్తుకో బిడ్డను. ఈ దినమన్నా తల దువ్వుకుంటా." ఆమె అప్పటికే మూటలోని దువ్వెన చేతిలోకి తీసుకుని ఉంది.

అత్త చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. పోయిన ఏడు చెప్పినట్టే ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నాకు ఇద్దరు పుట్టి పొయినారు తల్లీ. సెప్పకుండా ఎత్తుకోకూడదు."

"నాకూ ఇద్దరు పొయినారు గదక్కా," అన్నది ఆమె, ఇందులో కొత్త ఏముందన్నట్టు. "పట్టుకో, చేతులు నొస్తాండాయి."

అవ్వ సూత్రం నిజమైతే ఆ బిడ్డకు అందరికంటే ముందు తగలకూడనిది కన్నతల్లి చెయ్యే. నా రెండు వరసలూ, పది ముడులూ చెప్పలేనిదాన్ని ఆమె తల దువ్వుకోవడానికి తీరిక వెతుక్కుంటూ చెప్పేసింది. అత్త బిడ్డను ఎత్తుకుంది. ఆమె చిక్కులు తీసుకుని, నూనె లేని జుట్టు జడ వేసుకుని, నాడా కట్టుకునేదాకా, చాలాసేపు, అత్త కిటికీవైపు తిరిగే ఉంది.

ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలి. పుట్టిన మూడు నాలుగు దినాలకు పచ్చబడటం ఎంతోమంది పిల్లల్లో వచ్చిపోయేదేనని తరువాత చదువుకున్నాను. ఆ బిడ్డకు చుట్టిన గుడ్డ ఎవరు పడుకున్నదో, నేనో అత్తో, ఎవరికీ తెలియదు, దారాలు లేవు. ఆ ఆమె మరి రెండు దినాలకు సత్యవేడు బస్సెక్కింది. బిడ్డ పెరిగి పెద్దదైందో లేదో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను. నా నోటుపుస్తకంలో ఆ రెండు వరసల కింద ఏమీ లేదు. ఇంకొకరి బిడ్డలమీద మేమిద్దరం, ఒకరికి తెలియకుండా ఒకరం, పరీక్ష పెట్టాం. నాది కుతూహలం. అత్తది ఏమిటో దానికి నా దగ్గర శాస్త్రంలో మాట లేదు.

మరుసటి ఆడినుంచి మూటలు అత్తే లోపలికి తీసుకుపోయేది. అడిగినవాళ్లకు నిజం చెప్పేది. కొందరు తీసుకునేవారు, కొందరు తిరిగి ఇచ్చేవారు. తిరిగి వచ్చినవాటిలోని దువ్వెనలు మాత్రం మంచం మీద వదిలేసి వచ్చేది. నాకు చాపమీద శిక్ష తప్పింది. అవ్వకు చివరిదాకా ఏదీ తెలియదు. ఆ అంగడి ఇప్పుడు లేదు. ఆ చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అత్త పోయి చాలా కాలమైంది. మిషను నా దగ్గర ఉంది, తొక్కడం నాకు రాదు.

నాకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఆ సంగతి తెలిసే మా పనామె నన్ను పాతచీర అడిగింది. నిన్న ఆ కొత్తబట్టలను రెండుసార్లు ఉతికి, మేడమీద ఎండలో ఆరవేసి, ఒక దువ్వెన చేర్చాను. పళ్లన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి. ఇవాళ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ గుడ్డలను పడకమీద పరిచి, వాటిమీద పడుకుని, పైన దుప్పటి కప్పుకున్నాను. దీనివల్ల ఆ బిడ్డకు కలిగే మేలేమీ లేదు, కీడూ లేదు. ఇంత మాత్రం ఖాయంగా చెప్పగలను. కదలకుండా పడుకోవడం ఇప్పటికీ రాలేదు. అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాను.

రేపు పనామె కూతురు, ఎవరి గుడ్డలమ్మా ఇవి అని అడిగితే, నావే అంటాను. నువ్వు పడుకున్నవేనా అని అడిగినా జవాబు ఉంది. గుడ్డలన్నీ నా ఒంటికింద నలిగి ఉన్నాయి, ఈసారి ఎవరైనా సరిచూసుకోవచ్చు.